బాబాయి పోయిన ఆదివారం

మా అమ్మకి తోడబుట్టినవాళ్ళు ఇద్దరు. అన్నయ్యది రేపల్లె, చెల్లెలిది బాపట్ల. మేం తెనాలిలో ఉండేవాళ్ళం. అమ్మమ్మ రేపల్లెలో మామయ్య దగ్గర ఉండేది. ఊళ్ళు వేరైనా ఆదివారం మధ్యాహ్నం భోజనాలవగానే మూడిళ్ళ ఆడవాళ్ళూ ఎవరింట్లో వాళ్ళు టీవీ ముందు చేరేవాళ్ళు. అప్పట్లో వారానికోసారి ఒక సీరియల్ వచ్చేది. అందులో ఒక కాంపౌండరు ఉండేవాడు. పెళ్ళీ పెటాకులూ లేవు, ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ తనే చేసేవాడు. అతన్ని అందరూ "బాబాయి" అనే పిలిచేవాళ్ళు. ఆఖరికి కన్నతల్లి కూడా బాబాయి అనే అనేది. అతను నవ్వితే మా అమ్మ ఇవతల్నించి నవ్వేది. అతను దగ్గితే రేపల్లెలో మా అమ్మమ్మ "మిరియాల కషాయం తాగరాదూ" అనేది.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా, ఒక ఆదివారం పొద్దున్నే మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. సాయంత్రానిగ్గాని కరెంటు రాదన్నారు. అమ్మ ఆ రోజు కూరలో ఉప్పు కూడా సరిగ్గా వెయ్యలేదు. పక్కింటి టీచరమ్మగారు పొద్దున చర్చి నించి రాగానే, చీర మార్చుకోకుండానే, మా గోడ దగ్గరికొచ్చి, "వచ్చిందాండీ?" అనడిగారు. రాలేదని చెబితే, "ఇవాళ బాబాయి ఆ పిల్లకి సంబంధం ఖాయం చెయ్యాలండీ" అంటూ విసనకర్రతో తల కొట్టుకున్నారు.

మా రెండిళ్ళకీ కలిపి వాళ్ళింట్లోదే ఫోను. మధ్యాహ్నం ఆవిడ ఫోనొచ్చిందని కేకేస్తే నేను పరిగెత్తాను. అవతల పిన్ని. ఏడుస్తోంది.

"బాబాయి పోయాడే..."

లైనంతా గరగరమంటోంది. "ఏంటి పిన్నీ? ఏంటి?" అని అరిచాను.

"స్కూటరు మీద వెళ్తుంటే... లారీ... అన్యాయంగా..."

అంతే, లైను కట్టయిపోయింది.

మా పిన్ని భర్త నాకు బాబాయి. ఆయనకి స్కూటరుంది. అంతకు మించి ఆలోచించడానికి నాకు బుర్ర పనిచెయ్యలేదు. మళ్ళీ బాపట్లకి చేస్తే ఎంతసేపటికీ ఎంగేజే. రిసీవరు పట్టుకునే ఏడుస్తుంటే టీచరమ్మగారు నన్ను ఇంటికి తీసుకొచ్చారు. విన్న అమ్మ నేల మీద కూలబడిపోయింది. నాన్న పక్కింటికి వెళ్ళి మామయ్య రైసుమిల్లుకి ఫోను చేసి రెండు ముక్కల్లో చెప్పారు. టీచరమ్మగారు అమ్మ చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. దార్లో తినడానికి బన్నులు పొట్లం కట్టి నా చేతిలో పెట్టారు.

స్టేషను దగ్గర నాన్న పెద్ద చేమంతి దండ కొన్నారు. బండిలో కిటికీ పక్కన కూర్చుని నేను బాబాయినే తలుచుకున్నాను. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. నాకు సైకిలు నేర్పింది ఆయనే. పడితే లేపకుండా పక్కనే నిలబడి, "బాగా పడ్డావమ్మాయ్, మళ్ళీ ఎక్కు" అనేవారు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఏడుపు ఆగేది కాదు. "బాబాయీ" అని నేను వెక్కుతుంటే, మా ఎదురు బల్ల మీద ఇద్దరు కాలేజీ అమ్మాయిలు కూడా మాతో పాటు కళ్ళు తుడుచుకున్నారు. నిడుబ్రోలులో దిగుతూ అందులో ఒకమ్మాయి అమ్మ భుజం మీద చెయ్యేసి, "మాకూ అలాగే ఉందాంటీ" అంది.

"ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఎలా ఏడ్చారో చూడు. ఎంత మంచి పిల్లలో!" అంది అమ్మ, ముక్కు చీదుకుంటూ.

బాపట్లలో రిక్షా దిగి పిన్ని వాళ్ళ గేటు తీశాం. గుమ్మంలో చెప్పులు లేవు, జనం లేరు. వరండాలో వాలుకుర్చీలో లుంగీ బనీనుతో మా బాబాయి కూర్చుని, పేపరు ముక్కలో మిరపకాయ బజ్జీలు పెట్టుకుని తింటున్నారు.

"రండి రండి వదినా! ఏంటి, చెప్పాపెట్టకుండా?" అని బజ్జీ చేత్తోనే లేచి ఎదురొచ్చారు. "అన్నయ్యగారూ, ఈ దండెవరికండీ?"

నాన్న చేతిలో దండుంది, ఎదురుగా మనిషున్నాడు. ఏం చెయ్యాలో తోచక ఆ దండ తీసి బాబాయి మెళ్ళో వేసేశారు. వేసి ఆయన్ని గట్టిగా వాటేసుకున్నారు. వాళ్ళిద్దరూ అన్నేళ్ళుగా తోడల్లుళ్ళు, ఏనాడూ కరచాలనం కూడా చేసుకుని ఎరగరు. బాబాయి దండలోంచి మా వైపు చూసి, "నాకేమైనా ప్రమోషనొచ్చిందా?" అనడిగారు.

నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీలేదు. వరండా చుట్టూ పిచ్చిదాన్లా గెంతాను. ఇంతలో లోపల్నించి పిన్ని వచ్చింది, కళ్ళు వాచిపోయి, జుట్టు విరబోసుకుని. అమ్మని చూడగానే, "వచ్చావా అక్కా! చూశావా, బాబాయిని ఎలా చంపేశారో!" అని మీద పడి ఏడ్చింది.

"ఏ బాబాయే?" అంది అమ్మ.

"టీవీలో బాబాయే!"

అమ్మ ముందు పిన్ని వీపు మీద రెండు దెబ్బలు వేసింది. ఆ తర్వాత గుమ్మంలోనే చతికిలబడి నవ్వు మొదలుపెట్టింది. డొక్కలు పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. విషయం అర్థమయ్యేసరికి బాబాయి పిన్ని వైపు తిరిగారు.

"అయితే నేను పోతే 'పోయాడు' అంటావా? 'మీ బాబాయి పోయారు' అనవా? ఏమ్మాయ్, ఆ మాత్రం తేడా నీకు తెలియలేదా?"

"లైను గరగరలాడింది బాబాయ్," అన్నాను.

"ఈ ఇంట్లో ఇదీ నా వరస," అన్నారాయన నాన్నతో. "నేను సాక్షాత్తూ కట్టుకున్నవాణ్ణి. నాకు మధ్యాహ్నం నించీ కాఫీ లేదు. ఆ కాంపౌండరు పోయాడని ఇంట్లో పొయ్యి ఆర్పేసింది. అందుకే బజ్జీలు తెచ్చుకున్నా."

ఆ మాటంటుండగా గేటు ముందు మామయ్య మిల్లు కారు ఆగింది. మామయ్య తలుపు తీసుకుని దూకి, దండేసుకుని నిలబడ్డ బాబాయిని చూసి, మళ్ళీ కార్లో కూర్చున్నాడు. మామయ్య అంత తెల్లబోవడం అంతకు ముందూ చూళ్ళేదు, ఆ తర్వాతా చూళ్ళేదు. వెనక సీట్లోంచి అమ్మమ్మ నెమ్మదిగా దిగింది. "అల్లుడికి దండేశారేంటి? సన్మానమా?" అంది.

మామయ్యకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాక ఆయన కథ చెప్పుకొచ్చాడు. అల్లుడు పోయాడని తల్లికి ఎలా చెప్పాలో తెలియక, చెల్లెల్ని చూసొద్దామని కారెక్కించాడట. చూస్తే ఆవిడ అప్పటికే ఏడుస్తోందట.

"నీకెవరు చెప్పారమ్మా?" అనడిగాడట.

"ఒకళ్ళు చెప్పేదేంట్రా? కళ్ళారా చూశాను. పెళ్ళివారికి పూలు తెద్దామని బంగారం లాంటి మనిషి స్కూటరెక్కాడా, లారీ వచ్చి గుద్దేసింది."

ఇల్లు కదలని మనిషి రేపల్లెలో కూర్చుని బాపట్ల ప్రమాదం ఎలా చూసిందో మామయ్యకి అంతుపట్టలేదు. తల్లికి మతి చలించిందేమోనని భయమేసి, కర్లపాలెంలో కారాపి సోడా తాగించాడట. ఆ సోడా కొట్టతను ఆవిడ మాటలు విని, "అవునండి, నేనూ చూశానండి. లారీవాడు ఆపను కూడా ఆపలేదండి," అన్నాడట.

"అప్పుడింక నాక్కూడా ఏదో అవుతోందనుకున్నాన్రా నాయనా!" అని మామయ్య రెండు చేతులతో తల పట్టుకున్నాడు. బాబాయి నవ్వుతూ కుర్చీలోంచి పక్కకి పడబోతే నాన్న పట్టుకున్నారు. అమ్మమ్మకి మాత్రం కోపమొచ్చింది. కొడుకు తన బాధ చూడలేక కూతురి దగ్గరికి తీసుకెళ్తున్నాడనుకుందట. "నీకు నా మీద ఆ మాత్రం ప్రేమ లేదన్నమాట," అంది.

ఆ సాయంత్రం బాపట్ల ఇంట్లో ఒకటే కోలాహలం. అమ్మా పిన్నీ పెద్ద గిన్నెడు ఉప్మా చేశారు. బాబాయి దండ తియ్యనంటే తియ్యనన్నారు. ఎవరెవరు ఎలా ఏడ్చారో ఒక్కొక్కళ్ళనీ అడిగి చెప్పించుకున్నారు. అమ్మ కూలబడిందని విని, "వదినంటే వదిన!" అన్నారు. మామయ్య దార్లో ఏడవలేదని తెలిసి అలిగారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వేమ్మాయ్?" అన్నారు. సైకిలు సంగతి చెప్పాను. ఆయన తన ప్లేట్లోంచి జీడిపప్పులన్నీ ఏరి నా ప్లేట్లో వేశారు.

తర్వాత పిన్ని సీరియల్ మొదట్నుంచీ చివరిదాకా చెప్పింది. అతను స్కూటరెక్కుతూ వెనక్కి తిరిగి, తల్లికి చెయ్యూపిన దగ్గరికొచ్చేసరికి అమ్మకి మళ్ళీ ఏడుపొచ్చింది. ఈసారి ఆపేవాళ్ళు లేరు. ముగ్గురు ఆడవాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని హాయిగా ఏడ్చారు. "నేను బతికున్నా ఈ ఇంట్లో ఏడుపు తప్పదన్నమాట," అన్నారు బాబాయి. అన్నారే గాని, ఆ లారీవాణ్ణి పట్టుకున్నారా లేదా అని రెండుసార్లు అడిగారు.

మర్నాడు పొద్దున్న బండికి తెనాలి వచ్చేశాం. కరెంటు వచ్చిందో లేదో చూద్దామని లోపలికెళ్ళబోతుంటే టీచరమ్మగారు పరిగెత్తుకొచ్చారు. తెల్లచీర కట్టుకుని ఉన్నారు. బడికి సెలవు పెట్టారట. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "మా మరిది క్షేమంగా ఉన్నాడండీ. ఏం కాలేదు," అంది.

"దేవునికి స్తోత్రం! దేవునికి స్తోత్రం!" అని ఆవిడ అక్కడే ఆకాశం వైపు చేతులెత్తారు. కళ్ళ నిండా నీళ్ళతో నవ్వారు. తర్వాత ఉన్నట్టుండి అనుమానం వచ్చి, "మరైతే పోయిందెవరండీ?" అనడిగారు.

అమ్మ నా వైపు చూసింది. నేను నాన్న వైపు చూశాను. నాన్న చల్లగా లోపలికి జారుకున్నారు.

"టీవీలో బాబాయండీ," అన్నాను.

టీచరమ్మగారు మా మెట్ల మీద కూర్చుని, కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. అమ్మ కూడా పక్కన కూర్చుంది. నేను కాఫీ కలపడానికి వెళ్ళాను.