కార్డు వెనక వైపు

మా ముత్తాత రేపల్లె దగ్గర మూడు ఊళ్లకు మునసబు. తాత తాలూకా బోర్డు సభ్యుడు. ఆయన బండి దిగితే కచేరీలో గుమాస్తాలు లేచి నిలబడేవారట. నాన్న కాలానికి ఆ పలుకుబడి పోయింది, పొలం చాలావరకు పోయింది. నా వంతుకు మిగిలినవి ఇంటిపేరు, నిటారుగా కూర్చునే అలవాటు, తాత తన విజిటింగ్ కార్డులు పెట్టుకున్న వెండి డబ్బా.

అక్క బాపట్లలో ఉంటుంది. బావ పోయాక ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. పోయిన వేసవిలో తనకు కార్డులు కావాలని ఫోన్ చేసింది. సూర్యలంక వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు ఆది జాకెట్టు మర్చిపోయి వస్తారు, మళ్లీ వెళ్లి తెచ్చుకునే ఓపిక ఉండదు. ఒకసారి కొలతలు తీసుకుని నోటుబుక్కులో నంబరు వేసి రాసుకుంటే, ఆ నంబరు కార్డు వెనక రాసివ్వాలని ఆమె ఆలోచన. తరువాత ఆ కార్డు తెస్తే చాలు, నోటుబుక్కు తీసి చూసుకుంటుంది.

అక్క పుట్టింటి ఇంటిపేరే వేయించమంది. జాకెట్ల కార్డు మీద మా ఇంటిపేరు వేయడం నాకు నామోషీగానే అనిపించింది. వేయక తప్పనప్పుడు అందరూ వేయించే పల్చటి కార్డు మాత్రం కాకూడదనుకున్నాను. రేపల్లె నుంచి రైల్లో తెనాలి వెళ్లి ఒక ప్రెస్సులో కూర్చున్నాను. యజమాని నాకంటే పెద్దవాడు, మా కుటుంబాన్ని ఎరిగినవాడు. నమూనాల పుస్తకం నా ముందు పెట్టి, ఓపిగ్గా ఒక్కొక్కటీ చూపించాడు. మామూలు ఆర్టు కార్డు, నేతగుడ్డలా గళ్లు తేలిన బోర్డు, అద్దంలా మెరిసే గ్లాసీ లామినేషన్, మెరుపు లేని మ్యాట్. చివరి పేజీలో వెల్వెట్ లామినేషన్ ఉంది. వేలితో నిమిరితే లేగదూడ చెవిలా ఉంది. అన్నిటికంటే మందమైన అట్ట మీద, రెండు వైపులా అదే వేయమన్నాను.

ఆయన వెంటనే రాసుకోలేదు. ఒక వైపే వేద్దామన్నాడు, వెనక ఉత్త అట్ట వదిలేస్తే పెన్ను పడుతుందన్నాడు.

"మీ తాతగారి కార్డు ఒకటి మా నాన్న దగ్గర ఉండేదండి. వెనకాల ఆయన చేత్తో రాసిచ్చారు, ఆసుపత్రిలో చూపించమని."

"మా ఇంటి కార్డు చీటీ కాదండీ," అన్నాను.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. అంతా అయిందా, భోజనం చేశావా అని అడిగి, చివర్లో అంది:

"వెనకాల పెన్ను పడుద్దా తమ్ముడూ?"

"పడుద్దక్కా," అన్నాను.

యజమాని తల ఎత్తలేదు. ఆర్డరు పుస్తకంలో రెండు వైపులా అని రాసుకున్నాడు.

కార్డులు చూసి అక్క ఎంతో మురిసిపోయింది. తాత ఉంటే సంతోషించేవాడని కూడా అంది. వారం తరువాత బాల్‌పెన్ను జారిపోతోందని చెప్పింది. మార్కరుతో రాయమన్నాను. మార్కరు పడింది గానీ తడి తగిలితే చెరిగిపోయేది. సూర్యలంకలో చేపలమ్ముకునే ఒకావిడ తన కూతురి పెళ్లికి చీరాలలో కొన్న పట్టు గుడ్డ, దానితోపాటు పిల్ల కొలతల నంబరున్న కార్డు తెచ్చిచ్చింది. నలభై ఏడులో ఏడు సగం చెరిగి ఒకటిలా ఉంది. అక్క నలభై ఒకటో కొలతలతో కత్తిరించింది. పిల్లకు జాకెట్టు భుజాల దగ్గరే ఆగిపోయింది. పెళ్లి ఇంకా పది రోజులే ఉంది.

"నిన్ను నమ్మి మా వాళ్లందర్నీ పంపాను కదమ్మా," అందట ఆవిడ. అరిచినా బాగుండేదని అక్క నాతో చెప్పుకుని ఏడ్చింది. అటు నుంచి వచ్చే బేరమే ఆమెకు ఆధారం.

మర్నాడు అక్క రైలెక్కి తెనాలి వచ్చింది, నన్నూ రమ్మంది. ప్రెస్సులో కార్డులు బల్ల మీద పెట్టి, పాడైన పట్టు గుడ్డ సంగతి చెప్పి నిలదీసింది.

"పెన్ను పడాలని చెప్పి పంపాను కదండీ. మా తమ్ముడు అంతదూరం నుంచి వచ్చి చెప్తే ఇట్టాగా చేసేది?"

యజమాని నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాను. ఆయన నాకు కావలసినంత సమయం ఇచ్చాడు.

"పొరపాటు మాదేనమ్మా," అన్నాడు. "సాయంత్రానికి వేరేవి వేసిస్తాను."

వేసిచ్చాడు. ముందు వైపు మాత్రమే లామినేషన్, వెనక తెల్లటి ఉత్త అట్ట. డబ్బు తీసుకోలేదు. దారిలో అక్క, పాతవాళ్లలో ఉన్న శ్రద్ధ ఇప్పుడు లేదని ఆయన్ని ఇంకో రెండు మాటలు అంది. అవునన్నట్టు తల ఊపాను. నా నోటి అబద్ధం కంటే ఆ తల ఊపడమే నన్ను ఇప్పటికీ ఎక్కువగా బాధిస్తుంది.

ఇంటికి వచ్చి వెండి డబ్బా తెరిచాను. అడుగున తాత కార్డులు రెండు ఉన్నాయి. రెండిటి వెనకా సిరాతో రాసి ఉంది. ఒకదాని మీద, ఇది తెచ్చినవారికి విత్తనాలు ఇవ్వవలసినదని. రెండోది ఎవరినో బడిలో చేర్చుకోమని. ఇవ్వకుండా ఎందుకు ఉండిపోయాయో తెలియదు. ఆ డబ్బాను చిన్నప్పటి నుంచి తుడుస్తున్నాను, కార్డులు ఎప్పుడూ తిప్పి చూడలేదు.

రెండు రోజుల తరువాత అదే రంగు పట్టు గుడ్డ బాపట్లకు చేరింది. ప్రెస్సు ఆయన పంపాడని అక్కతో చెప్పాను. జాకెట్టు పెళ్లికి అందింది. ఆవిడ ఇంకా వస్తోంది. అక్క ఇప్పుడు ఆయన్ని మంచివాడంటోంది. పొరపాటు ఆయనది కాదని మాత్రం నేను ఇంతవరకు చెప్పలేదు.

ఆ గుడ్డ కోసం వెండి డబ్బాను తెనాలిలో అమ్మాను.