సోమయ్య తోట కింద ఉప్పు

దమ్మపేట అవతల సోమయ్య పామాయిల్ తోట కింద ఉప్పు కొండ ఉందని మొన్న వాట్సాప్‌లో మళ్లీ తిరిగింది. నమ్మకండి. ఆ కొండను పుట్టించింది భూమి కాదు, నేను. ఒక్క నాలుకతో ఒక కుటుంబాన్ని రోడ్డున పడేసిన ఘనత ఈ అడవి అంచున నా ఒక్కడిదే.

అప్పుడు నేను బొగ్గు వెతికే డ్రిల్లింగ్ క్యాంపులో కొత్త జియాలజిస్టుని. లోతుల్లోంచి తీసిన రాతి కడ్డీని కాస్త నాకి చూడటం మా వృత్తిలో ఉన్నదే. మే నెల మిట్టమధ్యాహ్నం నాకాను. ఉప్పగా ఉంది. కడ్డీ అక్కడే వదిలి లేచాను.

ఎందుకంటారా? పాత సముద్రాలు ఎండి మిగిల్చిన ఉప్పు పొర, పైనున్న రాళ్ల బరువుకు పిండిముద్దలా కదిలి పైకి ఉబుకుతుందని చదివాను. దానికి నీళ్లు తగిలాయా, కరిగి గుల్లవుతుంది. పై నేల దభాలున కూలుతుంది. పక్కనే సోమయ్య బోరు పగలంతా నీళ్లు తోడుతోంది!

పరుగున వెళ్లి చెప్పాను. సోమయ్య ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"ఇల్లు దిగబడుతదా సారూ?"

"మోటారు ఆపకపోతే దిగబడుతుంది."

"ఆపితే మొక్కలు మాడుతయ్ గదా. నిరుడే పెట్టిన."

మోటారు ఆపింది ఆయన భార్య రాములమ్మ. "మొక్కలు మళ్ల పెట్టుకుంటం. మనం మునిగితే ఎవలు తీస్తరు?"

మంచాలు, మేకలు, బియ్యం బస్తా రోడ్డు మీదికొచ్చాయి. నేల పగులుతుందని ఆమె రోకలి కూడా దాచేసింది. నేనేం తక్కువా? మా డ్రిల్లింగ్ రిగ్గు దడదడలాడగానే జీపు పైకెక్కి కూర్చున్నాను, జీపు కూడా నేల మీదే ఉందని మరిచి. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు. నేను ఉప్పు నాకి పక్కవాడి నీళ్లు ఆపించాను.

మొక్కల ఆకులు చీపురు పుల్లలయ్యాక, కొత్తగూడెం నుంచి మా సీనియర్ మేడం వచ్చారు. కడ్డీని కడిగి నాకారు. చప్పగా ఉందన్నారు.

"ఇది నది తెచ్చిన ఇసుకరాయి. ఇక్కడ సముద్రం ఎక్కడ ఎండిందయ్యా?"

నేను నాకిన చోటు చూపిద్దామని కడ్డీ మీదికి వంగాను. నుదుటి చెమట, మీసం చెమట కలిసి దాని మీద ధారకట్టాయి. మేడం చూశారు. సోమయ్య చూశాడు.

"ఇప్పుడు నాకి చూడు," అన్నారు మేడం.

నాకాను. ఉప్పగా ఉంది.

రాములమ్మ మంచం మీద నుంచి లేవకుండానే అడిగింది: "గంత ఉప్పు నీ మొకం మీదనే ఉంటే, మా ఇంటి కింద ఎందుకు ఎతికినవ్ సారూ?"

సగం మొక్కలు బతకలేదు. కొత్తవి నాటడానికి గుంతలు తవ్వింది నేనే. చివరి గుంతలో మోకాలిలోతున నిలబడి భూదేవి సాక్షిగా ప్రమాణం చేశాను: రాయి నాలుకకు తగిలే ముందు ఒకసారి మొహం తుడుచుకుంటాను, ఆ సంగతి ఎవరికైనా చెప్పే ముందు రెండుసార్లు.