సుబేదారు తాగిన చాయ్

కనకరాజు చూపించే ఎపిసోడ్‌కి చివరి నాలుగు నిమిషాలు ఉండవు.

ఉప్పల్, నాచారం మధ్య ఆయన పక్కన అరగంట కూర్చున్న ప్రతి మనిషికీ ఈ సంగతి తెలుసు. కటింగ్ షాపులో గడ్డానికి నురగ పెట్టించుకున్నవాడూ, రింగురోడ్డు దగ్గర వరంగల్ బస్సు కోసం కాచుకున్నవాడూ, ఎవరూ తప్పించుకోలేదు. ఫోను తీసి, దూరదర్శన్ కాలం నాటి హిందీ మిలిటరీ సీరియల్ ఒకటి పెడతాడు. అందులోనూ పదకొండో ఎపిసోడే. సినిమాల్లో విలన్‌గా పదిమందిని చితక్కొట్టే భారీ మనిషి ఒకాయన, ఆ ఒక్క ఎపిసోడ్‌కే అతిథిగా వచ్చి సుబేదారు దిలావర్ సింగ్ వేషం కట్టాడు. నవ్వడు, ఏడవడు, చలికైనా వణకడు. గాయపడ్డ జవానును భుజాన వేసుకుని, గుళ్ల వానలో మంచుకొండ మీద నడక మొదలుపెడతాడు. సరిగ్గా అక్కడ కనకరాజు బొటనవేలు తెర మీద పడుతుంది.

"అరె, ఆపినవేంది పెద్దమనిషీ?"

"బ్యాటరీ లేదు. మిగిలింది నేను జెప్త. మనోళ్ల చౌకీకి చేరిండు. జవాను బతికిండు, ఈయన బతికిండు. చాయ్ ఇచ్చిన్రు. ఒక్క గుటక తాగి, చక్కెర తక్కువైంది అన్నడు. ఖతం."

ఫోన్లో బ్యాటరీ ఎనభై శాతం ఉంటుంది.

కోడలు శిరీష ఉప్పల్‌లో ఒక స్కానింగ్ సెంటర్ కౌంటర్లో పనిచేస్తుంది. పెళ్లయి వచ్చిన ఆరేళ్లలో ఈ చాయ్ ఎన్నిసార్లు విందో ఆమెకే లెక్క లేదు. మొదట్లో ఉత్త చాయే. తర్వాత ఉస్మానియా బిస్కెట్ చేరింది. ఈమధ్య సుబేదారు సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నాడు.

"మంచుకొండ మీద ఊదుకునుడెందుకు మామా?"

"పొగలు గక్కే చాయ్ బిడ్డా. మూతి కాలదా మరి?"

ఒక్కసారి మాత్రం ఆమెకు నిజంగానే ఒళ్లు మండింది. రెండేళ్ల కిందట ఆమె భర్త సురేష్ డెంగీతో ఐసీయూలో పడ్డాడు. ప్లేట్‌లెట్లు గంటగంటకూ పడిపోతున్నాయి. కారిడార్లో గోడకు ఆనుకుని కూర్చుంటే, మామ వచ్చి పక్కన చతికిలబడి ఫోను తీశాడు. కన్నకొడుకు లోపల అలా ఉంటే ఈయనకు సీరియలా! తల తిప్పేసుకుంది. ఆయన మాత్రం గొంతు తగ్గించి, చక్కెర తక్కువైనదాకా చెప్పే లేచాడు. సురేష్ బాగై ఇంటికొచ్చాడు గానీ, ఆమెకు ఆ కోపం ఎక్కడో మిగిలిపోయింది.

అయినా మామ మనసు మంచిదే కదా అని, ఆయన డెబ్భయ్యో పుట్టినరోజుకు ఒక సర్‌ప్రైజ్ తలపెట్టింది. పక్కింటి సారలమ్మ కొత్తగా గోడంత టీవీ కొన్నది. ఆదివారం సాయంత్రం కేక్ కోశాక అందరినీ దాని ముందు కూర్చోబెట్టి, పదకొండో ఎపిసోడ్ పెట్టింది. ఆపేది లేదు, చివరిదాకా చూడాల్సిందే అని ప్రకటించింది కూడా.

కనకరాజు కాసేపు చెమటలు తుడుచుకున్నాడు. మంచుకొండ కనిపించేసరికి ఇక కూర్చోలేక, కోడలి చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాడు.

"బిడ్డా, జర బంద్ జెయ్యి. సుబేదారు సచ్చిపోతడు."

"ఏందీ?"

"జవానును చౌకీకి చేర్చి, గడప మీదనే పాణం ఇడుస్తడు. చాయ్ లేదు, చక్కెర లేదు."

ముప్పై ఎనిమిదేళ్ల కిందట బస్తీ మొత్తానికీ ఒకటే టీవీ. ఈ ఎపిసోడ్ వచ్చిన రాత్రి, సుబేదారు నడక మొదలుపెట్టగానే కరెంటు పోయింది. సారలమ్మకు అప్పటికి పెళ్లయి ఏడాది. భర్త ఆగయ్య మిలిటరీలో సరిహద్దు మీద ఉన్నాడు, మూడు నెలలుగా ఉత్తరం లేదు. సుబేదారు బతికితే మా ఆయన బతికున్నట్టే అని ఆ పిచ్చిపిల్ల మనసులో ముడి వేసుకుంది. మర్నాడు ఫ్యాక్టరీలో, ఉప్పల్‌లో చూసినవాడొకడు అసలు ముగింపు కనకరాజు చెవిన వేశాడు. షిఫ్టు దిగి వస్తుంటే గల్లీ మొదట్లోనే ఆమె నిలబడి ఉంది. అన్నం ముట్టలేదని మొహమే చెబుతోంది.

"అన్నా, ఏమైందంట?"

"బతికిండు చెల్లె. చాయ్ గూడ తాగిండు."

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఈయన ఒకే అబద్ధాన్ని వెయ్యిసార్లు ఆడాడు. ఆడక గతిలేదు కూడా. రెండు నెలలకు ఆగయ్య తిరిగొచ్చాడు, మరుసటేడు కొడుకు పుట్టాడు, వాడికి ఏకంగా దిలావర్ అని పేరు పెట్టారు. నాచారంలో ఏటా బోనమెత్తే ఇళ్లలో దిలావర్ వాడొక్కడే.

"సచ్చినోని పేరు కొడుక్కి పెట్టుకున్ననా అని నా చెల్లె కుమిలిపోతది బిడ్డా!"

శిరీష లోపలికి పరుగెత్తింది. రిమోట్ ఆగయ్య పిడికిట్లో ఉంది. ఆయనకు చెవులు సరిగా వినపడవు. బంద్ చెయ్యమంటే సౌండ్ ఇంకా పెంచాడు. ఇక లాభం లేదని కనకరాజు మీటరు బోర్డు దగ్గరికి వెళ్లి, ఆ ఇంటి మెయిన్ ఫట్‌మని కిందికి లాగేశాడు.

టీవీ ఒకసారి కన్ను కొట్టి మళ్లీ వెలిగింది. దిలావర్ కిందటి నెలే ఇన్వర్టర్ పెట్టించాడు.

సుబేదారు నడిచాడు, జవానును దించాడు, గడప మీద ఒరిగిపోయాడు. ఎవరూ చాయ్ ఇవ్వలేదు. కనకరాజు తలుపు దగ్గర దొంగలా నిలబడ్డాడు. సారలమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"లోపలికి రా అన్నా. సుబేదారు సచ్చిండని నాకు ఎర్కే."

"ఎప్పటి సంది?"

"మా ఆయన ఇంటికొచ్చినప్పటి సంది."

"బారక్‌ల అందరం సూసినం," అన్నాడు ఆగయ్య తెర వైపు చెయ్యి చూపిస్తూ. "సచ్చిండు."

"మరి పిలగానికి గా పేరెందుకు పెడితివి బావా?" అని కనకరాజు ఆయన చెవిలో అరిచాడు.

"ఇంకొకని కోసం పాణం ఇచ్చిండని పెట్టిన. బతికిండని పెట్టలే."

కనకరాజు కుర్చీలో కూలబడ్డాడు. "నాకొక్క మాట జెప్పకపోతివి చెల్లె! నీ కోసమే గదా గిన్నేండ్ల సంది ఆపుకుంట వస్తి!"

"జెప్తే నువ్ జెప్పుడు బంద్ జేస్తవ్. ఆ రెండు నెల్లు నేను బుక్కెడు అన్నం తిన్నదే నీ చాయ్ మాట మీద. గందుకే ఎవలింట్ల ఫికరున్నా వాళ్ల మీదికి నిన్ను తోలుత. సురేష్ దవాఖానాల ఉన్ననాడు, పోయి శిరీషకు జెప్పి రా అని పంపిందెవలు?"

శిరీషకు సిగ్గేసింది. ఆ రోజు మామ లేచి వెళ్లాక, రెండు రోజుల్లో మొదటిసారి క్యాంటీన్‌కి వెళ్లి చాయ్ తాగింది. అప్పుడెందుకు తాగాలనిపించిందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

"ఇగ దొరికిపోతిని. బంద్ జేస్త తియ్," అన్నాడు కనకరాజు దిగులుగా.

"నువ్ బంద్ జేస్తే నేను జెప్త మామా," అంది శిరీష.

అన్నట్టే బుధవారం నాడు చెప్పింది. మేడిపల్లి నుంచి వచ్చిన ఒకామె, భర్తను స్కానింగ్‌కి లోపలికి పంపి, పొద్దుటి నుంచి మంచినీళ్లైనా ముట్టకుండా బెంచీ మీద కూర్చుంది. రిపోర్టుకు ఇంకా గంట పడుతుంది. శిరీష కౌంటర్ దిగి వచ్చి ఆమె పక్కన కూర్చుని ఫోను తీసింది. గుళ్ల వానలో నడక మొదలుకాగానే ఆపేసింది.

"అయ్యో, ఆపినవేంది చెల్లె?"

"బ్యాటరీ లేదక్కా. మిగిలింది నేను జెప్త."

చాయ్, బిస్కెట్, సాసర్, ఒక్కటి కూడా వదల్లేదు. ఆమె చివరిదాకా విని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఈడ చాయ్ యాడ దొరుకుతది చెల్లె?" అని అడిగింది.