మా ఆయన సైకిలుకి రిక్షా చక్రం

మా ఆయన పోయాక ఇంట్లో ఆస్తి అని చెప్పుకోడానికి మిగిలింది ఒక పాత సీమ సైకిలు, ఇంగ్లండులో తయారైంది. గుడివాడలో ఎవరో వాడి వదిలేసింది కొని తెచ్చుకున్నాడు. గిలకలదిండి రేవులో చేపల వేలంపాట అవగానే వెనక క్యారేజీ మీద రెండు బుట్టలు కట్టుకుని, పెడన మీదుగా గుడివాడ దారిలో ఉన్న ఊళ్ళన్నీ అమ్ముకుంటూ వెళ్ళేవాడు. ఎండ ముదిరేలోపు బుట్టలు ఖాళీ. ఒక వానాకాలం జ్వరం తగిలి మంచాన పడ్డాడు. లేవలేదు. ఆ సంగతి ఇంతకంటే చెప్పను. చెప్పవలసింది సైకిలు గురించి.

కర్మకాండ అయిపోయాక మా మావగారు సైకిలుని వసారా మూలకి చేర్చి, చిరిగిన తెరచాప గుడ్డ కప్పారు. మా వైపు ఉప్పుగాలికి ఇనుము నిలవదు. అందుకని రోజూ సాయంత్రం ఆ గుడ్డ తీసి, సైకిలంతా నూనె రాసేవారు. ఆయన పుట్టి పెరిగింది నావల మీద. నావ చెక్కకి పూసే సొరచేప నూనే ఆయనకి తెలిసిన నూనె. దాన్నే గొలుసు మీద, పెడళ్ళలో, చక్రాల మధ్య బొడ్డు దగ్గర, ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ పోసేవారు. కొడుకు ఫొటో లేదు మా ఇంట్లో. దీపం పెట్టుకోడానికి ఆయనకి ఆ సైకిలే ఉంది. అందుకే ఎవరం వద్దనలేదు.

నేను నెత్తిన బుట్టతో బందరు బజారుకి వెళ్ళేదాన్ని. అక్కడ నాలాంటి ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉండేవారు. పొద్దెక్కేకొద్దీ ధర దిగిపోయేది. పెడన వైపు వెళ్తే మంచి బేరం ఉందని తెలుసు, కానీ నెత్తి మీద ఎంత మొయ్యగలను, ఎంత దూరం నడవగలను? అక్కడికి చేరేసరికి సావడాల్లాంటి చేపలు మెత్తబడిపోతాయి.

అట్లా ఉండగా దివిసీమ నుంచి మా అన్నయ్య వచ్చాడు. "ఇక్కడేం చూసుకుని ఉంటావు చెల్లీ? వరికోతలకి మళ్ళీ వస్తాను. అప్పటికి మూట కట్టుకుని ఉండు, తీసుకెళ్ళిపోతా" అన్నాడు. మంచివాడే. కానీ మా పుట్టింట్లో మా పిన్ని ఒకావిడ మొగుడు పోయాక అట్లాగే వచ్చి ఉండేది. కూరలో ఉప్పు చాలకపోయినా అడిగేది కాదు, అటూ ఇటూ చూసి ఊరుకునేది. నాకు ఆ కంచం ముందు కూర్చోవాలని లేదు. కోతల్లోపు నా తిండి నేను సంపాదించుకునే దారి చూసుకోవాలి. లేకపోతే మూట కట్టాల్సిందే.

దారి వసారా మూలే ఉంది. సైకిలెక్కి తొక్కడం నావల్ల అయ్యే పని కాదు. మా పేటలో ఏ ఆడదీ ఎక్కలేదు. బుట్టలు దాని మీద పెట్టి, పక్కన నడుస్తూ నెట్టుకుపోతే చాలు. కానీ అడగడం ఎలా? మా ఇంట్లో కోడలు మావగారితో ఎదురుగా మాట్లాడదు. ముగ్గురం ఒకే వసారాలో కూర్చున్నా మాట అత్తగారి మీదుగా పోవలసిందే.

"అత్తా, ఆ సైకిలు ఇస్తే నెట్టుకుంటూ పెడన దాకా వెళ్తాను."

"విన్నావా? కోడలు సైకిలు అడుగుతోంది."

"నాకు చెవుడేం లేదు. అది మావాడిదని చెప్పు."

"వాడిదంటమ్మా."

"ఆయనదని నాకూ తెలుసు. నేనూ ఆయన పెళ్ళాన్నే కదా అని చెప్పత్తా."

"నేనేమన్నా టపా బంట్రోతునా మీ ఇద్దరికీ!" అని అత్తగారు చేట విసిరికొట్టి లేచిపోయింది. ఆవిడ వెళ్ళిపోయాక ఇంక మా మధ్య మాట లేదు. ఆయన నూనె గిన్నె తీసుకుని గుడ్డ తొలగించారు.

తర్వాత ఒకరోజు గాలివాన వచ్చి వసారా కారింది. మావగారు సైకిలుని లోపలికి జరపబోతే వెనక చక్రం తిరగలేదు. లాగితే నేల మీద గీత పడింది గాని చక్రం కదల్లేదు. ఇంకాస్త నూనె పోశారు. తెల్లారేసరికి ఇంకా బిగుసుకుంది. అప్పుడు అత్తగారితో అన్నారు: "షాపుకి తీసుకెళ్ళాలి. కోడల్ని వెనక ఎత్తి పట్టుకోమను."

ముందు ఆయన హేండిలు పట్టుకుని, వెనక నేను క్యారేజీ ఎత్తి పట్టుకుని, జబ్బు మనిషిని మోసినట్టు బందరు దాకా మోసుకెళ్ళాం.

సైకిలు షాపతను చక్రం ఊడదీసి బొడ్డు విప్పాడు. విప్పగానే ముక్కు మూసుకున్నాడు.

"ఇదేంటి బాబాయ్, సైకిలా సొరచేపా? ముక్కలు కోసిస్తా, కూరొండుకుంటారా?"

అక్కడున్న రిక్షావాళ్ళు నవ్వారు. మావగారు నవ్వలేదు. "నావకి రాసే నూనె" అన్నారు.

"నావ చెక్క కాబట్టి తాగుద్ది బాబాయ్. ఇనుమేం తాగుద్ది? లోపలే ఉండి జిగురైపోయింది. దానికి ఇసుక పట్టింది. చూడు."

చింతపండులో గింజల్లాగా ఆ నల్లటి జిగురులో ఇనప గుండ్లు ఇరుక్కుని ఉన్నాయి. అతను కిరసనాయిలులో నానబెట్టి గోకాడు. గుండ్లు తిరిగే గిన్నె గుంటలు పడింది. దాన్ని బిగించే కోను చిట్లిపోయింది.

"సీమ బండి. దీని మర వేరు, మన దేశపు కోను దీనికెక్కదు. బెజవాడలో పాతసామాన్ల వాళ్ళకి చెప్పి పెడతా. దొరికితే దొరుకుద్ది."

"ఎప్పటికి?" అన్నారు మావగారు.

"ఏం చెప్పను బాబాయ్!"

మావగారు తన అరచేయి ఒకసారి చూసుకుని తువ్వాలుకి తుడుచుకున్నారు. మళ్ళీ తుడుచుకున్నారు.

షాపతను నాకు పరాయివాడు, అతనితో మాట్లాడవచ్చు. "అన్నా, తొక్కే పనిలేకపోతే? చేపల బుట్టలు పెట్టి నెట్టుకుపోడానికే అయితే?" అన్నాను.

అతను నన్నూ సైకిలునీ మార్చి మార్చి చూశాడు. "నెట్టడానికైతే చైనుతో పనిలేదు. చైను లేకపోతే వెనక పళ్ళచక్రంతోనూ పనిలేదు" అంటూ లేచి, దూలానికి వేలాడదీసిన చక్రం ఒకటి దించాడు. విరిగిపోయిన రిక్షా ముందు చక్రం. చువ్వలు నా చిటికెనవేలంత లావున కనిపించాయి. "మనుషుల్ని లాగిన చక్రం చెల్లెమ్మా. నీ చేపలొక బరువా! ఇరుసు లావు, అందుకని చట్రంలో ఈ గాడి ఆకురాయితో వెడల్పు చెయ్యాలి. బొడ్డు ఇరుకు, అటూ ఇటూ గొట్టం ముక్కలు తొడిగి సరిపెడతా. పెడళ్ళు పీకెయ్యాలి, లేకపోతే నడిచేటప్పుడు పిక్క మీద కొడతాయి. కానీ ఒక్క మాట. ఆకురాయి పెట్టాక ఇందులో పాత చక్రం నిలవదు. ఈ బండిని ఇంక ఎవరూ ఎక్కి తొక్కలేరు."

మావగారు పెడళ్ళ వైపు చూస్తున్నారు. మా ఆయన పాదం బయటికి తిప్పి తొక్కేవాడు, కుడి పెడలు రబ్బరు ఒక పక్కే అరిగి ఉంది.

"ఏం బాబాయ్, పట్టమంటావా?"

మావగారు అన్నారు: "నన్నడుగుతావేంటి? నెట్టేది అది. దాన్నడుగు."

"పట్టన్నా" అన్నాను.

ఆకురాయి మొదలెట్టగానే సైకిలు అదిరింది. కదలకుండా మావగారే పట్టుకున్నారు. ఇనప రజను ఆయన పాదాల మీద రాలుతుంటే కాలు తీయలేదు. ఆ చప్పుడు నా పళ్ళలో ఉంది ఇప్పటికీ.

మొదటి రోజు బరువు నా మీదికే ఒరిగేది. నడుము సీటుకి ఆనించి నడవాలని అప్పటికి తెలియదు. పెడన దగ్గర కాలవ వంతెన దిగుతుంటే బండి నా చేతుల్లోంచి జారి పడిపోయింది. చందువాలు, సావడాలు దుమ్ములో పడ్డాయి. కాలవలో నూలు తడుపుకుంటున్న నేతవాళ్ళ ఆడవాళ్ళు నవ్వుతూ వచ్చారు.

"ఏమ్మా, చేపలకి సైకిలు నేర్పిస్తున్నావా?"

"ముందు తను నేర్చుకోవద్దూ!"

బండి లేపుతుండగా ఒకావిడ హేండిలు చూసి గుర్తుపట్టింది. "ఇది ఆయన సైకిలు కదూ? ఏరీ, చాన్నాళ్ళైంది రావట్లేదు?"

చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ బిందెతో నీళ్ళు తెచ్చి ఒక్కొక్క చేపా కడిగి బుట్టలో పెట్టింది. ఆ బుట్ట ఆ వీధిలోనే అయిపోయింది. బేరమాడినవాళ్ళూ ఉన్నారు, గట్టిగానే ఆడారు. నాకు అదే నచ్చింది.

వరికోతలకి అన్నయ్య అన్నమాట ప్రకారం వచ్చాడు. వసారాలో సైకిలు చూసి నిలబడిపోయాడు.

"ఇదేంటి మావయ్యా, పెడళ్ళేవి?"

"అక్కర్లేదు. నెట్టేదానికి కాళ్ళున్నాయి" అన్నారు మావగారు. అని, అత్తగారి వైపు తిరిగారు. "దాన్ని పెందలాడే పడుకోమను. మొదటి పాటలో సరుకు బాగుంటుంది. గోనె తడిపి బుట్టల మీద కప్పుకోమను."

నేను అక్కడే అన్నయ్యకి అన్నం వడ్డిస్తున్నాను. అత్తగారు ఆ మాట నాకు మళ్ళీ చెప్పలేదు.

అన్నయ్య మూట సంగతి ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే ఒక్కడే దివిసీమకి రేవు దాటడానికి బయల్దేరాడట. అప్పటికి నేను పెడన దారిలో ఉన్నాను.