మూడు పోగుల తోక

కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున సోమన్న అంత పోజుగా గాలం వేసేవాడు ఇంకొకడు లేడు. తొలకరికి నీళ్లలోంచి పుట్టి ఒక్కపూట బతికే పురుగును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఎండకేసి చూసేవాడు. తోకకు రెండు పోగులుంటే గాలానికి తెల్లకోడి ఈక, మూడుంటే ఎర్రపుంజు మెడ ఈక కట్టేవాడు. చేప అదే పురుగనుకుని మింగేది.

"ఉసిళ్లకు, ఈ పురుగుకు ఫరక్ తెల్వదు. నువ్వేం చేపలు పడ్తవే?" అని భార్య జానమ్మను ఏడిపించేవాడు. కూలిపని లేని రోజుల్లో ఆమె పక్కనే కూర్చుని, ఏమీ తెలియనట్టు ఉంటూనే అన్నీ నేర్చేసుకుంది. తెలంగాణ వచ్చిన ఏడాది మృగశిర కార్తెకు ఇద్దరూ తట్టనిండా పరక చేపలు పట్టి వాడంతా పంచారు. ఆ రోజు తలుచుకుంటే జానమ్మకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

నిరుడు సోమన్నకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. దవాఖాన నుంచి వచ్చాక గోడవైపు తిరిగి పడుకోవడమే. ఎంత బతిమాలినా నాలుగు ముద్దలకు మించి తినడు. మనిషి బతుకు మీద ఆశే వదులుకున్నాడని జానమ్మకు భయం పట్టుకుంది.

ఈ ఏడు మృగశిర పొద్దున ఆమె ఏటికి పోయి, ఒక పురుగును అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చింది.

"ఏ ఈక కట్టాల్నో సమజైతలేదు. జర చూసి చెప్పు."

సోమన్న ఇటు తిరిగాడు. ఎన్ని నెలలకో! కళ్లు చికిలించి చాలాసేపు చూసి, ఎడమచేతి వేళ్లు రెండు చూపించాడు.

జానమ్మకు మూడు పోగులు కనిపిస్తూనే ఉన్నాయి. "గదే అనుకున్న," అని ఏటికి పోయి ఎర్ర ఈక కట్టింది.

మధ్యాహ్నం చేప ముల్లు తీసి ముద్ద పెడుతూ, "నువ్వు చెప్పిన తెల్ల ఈకకే పడ్డయ్," అంది. సోమన్న నములుతూ ఆమె కొంగు చూశాడు. ఎర్ర ఈక తునక ఒకటి అంటుకుని ఉంది. ఆమె గబుక్కున దులపబోయింది.

అతనే ముందు అందుకున్నాడు. ఎండకేసి పట్టి చూశాడు, పక్కన పెట్టాడు. మూడు వేళ్లు లేపి, వంకరపోయిన మూతితోనే ఆ పాత వెక్కిరింపు నవ్వు నవ్వాడు.

జానమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు. "రేపు ఇంకోటి తెస్త. జర సక్కగ చూడు," అంది.

సోమన్న తలూపి, అడక్కుండానే ఇంకో ముద్దకు నోరు తెరిచాడు.