మూర్ఛను చేసి చూపించే పాఠం

నర్సు ట్రైనింగులో మాకు నేర్పిన పాఠాలన్నిటిలో నాకు ఒళ్ళుమండిన పాఠం మూర్ఛ పాఠం. నంద్యాలలో మిషన్ ఆసుపత్రి వెనక వరండాలో, మధ్యాహ్నం రోగుల రద్దీ తగ్గాక, పెద్ద డాక్టరమ్మ మమ్మల్ని వరసగా కూర్చోబెట్టేవారు. మధ్యలో ఒక చాప పరిపించి, "ఊఁ, నువ్వు లే. ఆరేళ్ళ పిల్లవాడివి. మూర్ఛ వచ్చింది. చేసి చూపించు" అనేవారు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచీరతో చాప మీద పడి కాళ్ళూ చేతులూ కొట్టుకోవాలి. అసలే నాది ముక్కుమీది కోపం. గడివేముల అయ్యవారి కూతురిని, బైబిలు వాక్యాలు గడగడా అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్నదాన్ని, ఈ గంతులు వేయడానికా మా నాయన నన్ను ఇక్కడికి పంపింది అని లోపల ఉడికిపోయేదాన్ని. తోటి పిల్లలు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని కిసుక్కుమనేవాళ్ళు.

"నవ్వితే నవ్వండి. కుడీ ఎడమా మాత్రం తప్పొద్దు" అనేవారు డాక్టరమ్మ.

ఆవిడ అలా చేయించడానికి కారణం ఉంది. మూర్ఛ ఎప్పుడూ డాక్టరు ముందుకొచ్చి నిలబడదు. పొలం గట్టు మీదో, పొయ్యి దగ్గరో వచ్చి పోతుంది. చూసేది తల్లి, మందు రాయాల్సింది మనం. ఆ తల్లి చూసింది చూసినట్టు రాబట్టాలి. అయితే మా సీమలో ఏ తల్లీ మూర్ఛను అనుకరించి చూపించదు. చేసి చూపిస్తే అది చూపించినవాళ్ళ ఒంటిని పట్టుకుంటుందని భయం. పేరు పెట్టి కూడా పిలవరు. "అది వస్తాండాది" అంటారు, అంతే. ఎంత గుచ్చి గుచ్చి అడిగినా నేల చూపులు చూస్తారు. అందుకని డాక్టరమ్మ ఈ దారి కనిపెట్టారు. మనమే చేయాలి, తల్లి తప్పులు దిద్దాలి. తాను చేయడానికి భయపడే మనిషి, ఎదుటివాళ్ళు తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకోలేదు గదా.

ఆ చాప మీదే మూర్ఛలో ఎన్ని రకాలున్నాయో నేర్చుకున్నాం. పడి కొట్టుకునేది అందరికీ తెలుసు. పడకుండా, ఉన్నచోటనే ఉండి మనిషి కాసేపు లేకుండా పోయేది ఎవరికీ తెలియదు. ఆ పిల్లలనే లోకం సోమరులనీ, పొగరుబోతులనీ తిడుతుంది. వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా నేర్పారు. మా పుస్తకంలో గుడ్డ చుట్టిన చెంచా పళ్ళ మధ్య పెట్టమని ఉండేది. డాక్టరమ్మ ఒప్పుకునేవారు కాదు. చెంచాలతో పళ్ళూడిన పిల్లల్ని ఆవిడ చాలామందిని చూశారు. "పక్కకు తిప్పండి. తలకింద మెత్తగా ఏదైనా పెట్టండి. అది పోయేదాకా దగ్గర కూర్చోండి. తాళాలొద్దు, ఉల్లిగడ్డలొద్దు, నీళ్ళొద్దు" అనేవారు. ఇంత చదువు చదివి చివరికి నేర్చుకున్నది ఊరికే కూర్చోవడమా అని నేను గొణుక్కునేదాన్ని.

ట్రైనింగు అయ్యాక నన్ను వారానికొకసారి ఆళ్ళగడ్డకు పంపేవారు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. శిరివెళ్ల మీదుగా బస్సు, దిగేసరికి ఒంటి నిండా దుమ్ము. బడి పక్కన ఒక గది, ఒక బల్ల, మందుల పెట్టె. అదే మా వైద్యశాల.

అక్కడికే వచ్చింది ఆ ముసలావిడ, మనవరాలిని చెయ్యి పట్టుకుని. ఏడేళ్ళుంటాయి పిల్లకు. తల్లి కాన్పులో పోతే అవ్వే పెంచుతోంది. తండ్రి జొన్నచేను వదిలి వచ్చేవాడు కాడు. పిల్ల నుదుటి మీద రెండు నల్లటి మచ్చలున్నాయి. పసుపుకొమ్మును నిప్పుల్లో కాల్చి పెట్టిన వాతలని చూడగానే తెలిసింది. నా కోపం అక్కడే మొదలైంది.

"ఏందో నర్సమ్మా, ఉన్నట్టుండి బొమ్మ మాదిరి నిలబడిపోతాది. పిలిస్తే పలకదు. బడిలో అయ్యవారు పొగరని కొట్టినాడు. నేను బెదురనుకున్నా. రెండు వాతలు పెట్టినా పోల్యా. వచ్చే అమాసకు మూడోది పెట్టల్లంటాండారు. పెట్టేముందు నీకొకసారి చూపిద్దామని వచ్చినా."

ఎట్లా నిలబడిపోతుందో చెప్పమంటే తల దించుకుంది. సరే అని గచ్చు మీదే పడుకుని కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాను. "ఇట్లనా పెద్దమ్మా?"

"ఛీ ఛీ, లేయ్ తల్లీ! అట్ల కాదు. బిడ్డ పడదు."

లేచి నిలబడి, కళ్ళు శూన్యంలో పెట్టి, ఉత్త నోరు నమిలాను. చేత్తో చీర కుచ్చిళ్ళు గిల్లడం మొదలుపెట్టాను.

ముసలావిడ ఎగిరిపడింది. "ఆఁ! అదే! కుడిచేత్తో పావడ గిల్లుతాది. నువ్వు ఎడమచేత్తో గిల్లుతాండావ్! నోరు ఇంగా మెల్లగా నములుతాది, ఆవు నెమరేసినట్ల!"

ఆ మాట చాలు. ఇది మూర్ఛేనని నాకు తెలిసిపోయింది. నేను సంతోషించేలోపే ఆవిడ గబగబా వచ్చి కొంగు నా మొహం చుట్టూ తిప్పి, పక్కకు థూ థూ అని ఉమ్మేసింది. "నీకు తగలకూడదు తల్లీ. పెండ్లి కావాల్సిన బిడ్డవి."

నాకు తిక్క రేగింది. "నాకు దిష్టి తీస్తాండావే, ఈ బిడ్డ నుదుటి మీద నిప్పు పెట్టేటప్పుడు ఈ ప్రేమంతా యాడికి పోయింది?"

ఆవిడ నొచ్చుకోలేదు, తిట్టలేదు. "ఊర్లో వాతలు పెట్టేటోడు వేరే ఉండాడు. వాడు గట్టిగా అదుముతాడని నేనే పెట్టినా. నా చెయ్యయితే బేగా తీస్తాది గదా" అంది.

ఆ తర్వాత ఆవిడ మీద కోపం చాలాసార్లు వచ్చింది గానీ, ఆవిడను తక్కువగా చూడటం మాత్రం ఆ రోజుతో పోయింది.

నంద్యాలకు తీసుకెళ్ళి డాక్టరమ్మకు చూపించాం. రోజూ వేయాల్సిన చిన్న తెల్ల మాత్రలు ఇచ్చారు. ముసలావిడ నాకు ఒక మాట ఇచ్చింది. మందు పారినంతకాలం, అంటే అది పనిచేసినంతకాలం, కొమ్ము ముట్టదు. పారకపోతే మటుకు మూడో వాత తప్పదు. పిల్ల నుదురు ఇక ఆ మాత్రల మీద ఆధారపడి ఉంది. నేను వెళ్ళిన ప్రతివారం ముసలావిడ గది గుమ్మంలో నిలబడి, "రాలేదు నర్సమ్మా" అని మొహమంతా వెలిగిపోతూ చెప్పేది. పిల్ల బడికి పోతోందట. అయ్యవారు కొట్టడం మానేశాడట.

తర్వాత ఒక వారం ఆవిడ రాలేదు. ఆ రోజు అమావాస్య. గదికి తాళం వేసి వాళ్ళింటికి వెళ్ళాను. పిల్ల వాకిట్లో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ముసలావిడ పొయ్యి ముందు కూర్చుని ఊదుతోంది. నిప్పుల్లో పసుపుకొమ్ము ఎర్రగా ఉంది.

"పొద్దున్నే వచ్చింది. నీ మందు పారల్యా" అంది నావైపు చూడకుండా.

"మాత్ర రోజూ ఏస్తాండావా?"

"అమాస దగ్గరికొస్తే ఎవురన్నా మందేస్తారా? అమాసకు మందు పారదు గదా. ఊరికే పారబోసినట్ల. నాలుగు దినాలు ఆపి పెట్టినా."

నాటువైద్యులు అమావాస్య ముందు మందు ఇవ్వరని మా ఇంట్లో కూడా విన్నదే. ఈ మాత్రను అలా ఉన్నపళంగా ఆపితే మూర్ఛ మళ్ళీ విరుచుకుపడుతుంది. సరిగ్గా అమావాస్యకే పడింది. అమావాస్యే తెచ్చిందని ఆవిడ నమ్మకం ఇంకా గట్టిపడింది. మంచి మందును పొదుపు చేశానని అనుకుంటోంది పాపం! అరిచాను. నెత్తి బాదుకున్నాను. అన్నీ విని ఆవిడ ఒకటే అడిగింది.

"సరే, రోజూ ఏస్తా. అయినా వస్తే?"

రాదని చెప్పాలని నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. "రావచ్చు పెద్దమ్మా. తగ్గుతాది గానీ, ఒక్కొక్కసారి రావచ్చు."

"వస్తే నేనేం చెయ్యల్ల? బిడ్డ అట్ల అయిపోతాంటే చేతులు ముడుచుకుని చూస్తా కూర్చోమంటావా?"

అప్పటిదాకా నాకు అర్థం కాలేదు, ఆ కొమ్ము పిల్ల కోసమే కాదని. ఆ చేతులకు ఏదో ఒక పని కావాలి. చేతులు ముడుచుకుని కూర్చోమని చెప్పడం ఎంత కఠినమో డాక్టరమ్మ చాప మీద నాకు తెలియలేదు.

మేం మాట్లాడుతుండగానే పిల్ల కళ్ళు నిలబడిపోయాయి. కుడిచెయ్యి పావడను గిల్లుతోంది. ఈసారి పక్కకు ఒరిగి పడింది, ఒళ్ళంతా బిగుసుకుని కొట్టుకోసాగింది. ముసలావిడ పటకారు అందుకుంది. నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను.

"చెయ్యి ఈడ పెట్టు. బిడ్డ వీపు మీద. పక్కకు తిప్పు. ఆ, అట్లే. తీయొద్దు."

పటకారు కింద పడింది. ఆవిడ కొంగు మడిచి పిల్ల తలకింద పెట్టింది. వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆ చెయ్యి పిల్లతోపాటే అదురుతోంది. పళ్ళు బిగబట్టుకుని ఏడ్చింది గానీ చెయ్యి మాత్రం తీయలేదు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. మూర్ఛ నెమ్మదించింది. పిల్ల గట్టిగా ఊపిరి తీసి నిద్రపోయింది. మేమిద్దరం కదలకుండా కూర్చున్నాం.

చాలాసేపటికి పిల్లకు మెలకువ వచ్చింది. ముందుగా దాని చెయ్యి నుదుటి మీదికి పోయింది. వేళ్ళతో పాత మచ్చలను తడుముకుంది, కొత్తదాని కోసం వెతుక్కుంది. దొరకలేదు. పొయ్యివైపు చూసి, అవ్వవైపు చూసి, కళ్ళు గట్టిగా మూసుకుని నుదురు ముందుకు చాపింది.

"అవ్వా, ఇంగా కాల్చలేదా?"