పంపు స్టేషన్‌కి గడ్డం పనికిరాదు

సరిహద్దు అవతలి దేశంలో తీసిన ముడిచమురును ఒమాన్‌లోని సోహార్ రేవు దాకా తెచ్చి ఓడలకెక్కించే గొట్టం వేస్తున్న కాలంలో నేను కంపెనీ క్యాంపు గేటు ఎదుట మెస్‌లో వంట చేసేదాన్ని. అంతకుముందు పదకొండేళ్లు సోహార్‌లోనే ఒక ఒమానీ ఇంట్లో పని చేశాను. ఆ ఇంటి ముసలావిడ పోయాక మిగిలినవాళ్లు మస్కట్ వెళ్లిపోయారు. నేను మెస్‌లో చేరాను. మా తమ్ముడు అదే లైన్ మీద వెల్డరు. మాది కడప జిల్లా.

గొట్టం పని చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. ముక్కకు ముక్క అతుకుతారు, ప్రతి అతుకునూ ఎక్స్‌రే తీస్తారు, పూత పూసి కందకంలోకి దించి మట్టి కప్పేస్తారు. నెలల తరబడి చేసిన పని చివరికి కంటికి కనిపించదు. రెండు వైపుల నుంచీ వచ్చిన గొట్టాలు కలిసే చోట ఆఖరి అతుకు మాత్రం ఎండెక్కకముందే వెయ్యాలి, వేడికి ఇనుము సాగితే కొలత తప్పుతుంది. ఆ అతుకు వేసినవాళ్లలో తమ్ముడొకడు. ఆరోజు వాళ్లందరికీ ఉప్మా సైట్‌కే పంపాను.

ఆఖరి అతుకు పడితే వెల్డర్లకు టికెట్ చేతిలో పెడతారు. కట్టేవాళ్లు వెళ్లిపోతారు, నడిపేవాళ్లు ఉంటారు. తమ్ముడికి అప్పటికి యాభై రెండేళ్లు. మంట చూసి చూసి కళ్లు దెబ్బతిన్నాయి, ఇంకొక లైన్ మీద వెల్డింగు చెయ్యలేడు. పంపు స్టేషన్‌లో ఆపరేటరుగా చేరితేనే ఒమాన్‌లో స్థిరంగా ఉండగలడు. పరీక్ష రాశాడు, పాసయ్యాడు. ఇక మిగిలింది మాస్కు పరీక్ష ఒక్కటే.

ఆ చమురులో విషవాయువు కలిసి ఉంటుంది. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, ఎక్కువైతే ఆ వాసన కూడా తెలియకుండానే మనిషి పడిపోతాడు. అందుకని స్టేషన్ లోపలికి వెళ్లే ప్రతివాడికీ ముఖానికి అంటుకుపోయే మాస్కు ఉండాలి. చెంప మీద వెంట్రుకలుంటే సందులోంచి గాలి దూరుతుంది. కాబట్టి గడ్డం ఉన్నవాడికి లోపల డ్యూటీ లేదు.

తమ్ముడేమో అయ్యప్ప మాలలో ఉన్నాడు. మాలలో ఉన్నవాళ్లు గడ్డం గీయరు. వాడు తెలివితక్కువగా ఏమీ చెయ్యలేదు. మాల వేసుకునే ముందే సూపర్‌వైజరును అడిగాడు. జనవరి నెలాఖరు దాకా చమురు రాదు, పరీక్షలు అప్పుడే అన్నాడాయన. ఆలోపు శబరిమల వెళ్లి వచ్చేయొచ్చని వాడి లెక్క. తీరా సరిహద్దు అవతల పని ముందే అయిపోయింది. మాస్కు పరీక్ష డిసెంబరుకే ముందుకు జరిగింది.

పైగా అది వాడికి పద్దెనిమిదో మాల. ఇరవై రెండేళ్లలో సెలవు దొరికిన ప్రతిసారీ వేశాడు, దొరకని ఏళ్లు నాలుగు. పద్దెనిమిదోసారి కొండ ఎక్కేవాళ్లు కొబ్బరి మొక్క మోసుకెళతారు. మొక్క తెచ్చి పెట్టమని ఊళ్లో స్నేహితుడికి చెప్పి ఉంచాడు కూడా.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం మెస్‌లో వాడికి భిక్ష వడ్డిస్తున్నాను. ఉల్లి, వెల్లుల్లి లేకుండా వాడికి విడిగా వండేదాన్ని. హైదరాబాదు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఎదురుగా కూర్చున్నాడు. తమ్ముడి రూమ్‌మేట్, ఆపరేటరుగా ఎంపికైనవాడే. ముందురోజు దాకా గుండెల మీదికి గడ్డం ఉండేది. ఇప్పుడు చెంపలు తెల్లగా, కొత్తవాడిలా ఉన్నాడు.

"ఏం స్వామీ, నా దాడీ పదేండ్లది. పొద్దుగాల తీసేసిన. నీది నెల గూడ కాలే. ఇగ ఏం ఫికర్?" అన్నాడు.

"నీది మళ్లా వస్తాది స్వామీ. నేను మాల నడిమధ్యలో తెంచితే మళ్లా వస్తాదా?"

"చూస్తివా అక్కా, నన్ను గూడ స్వామి జేసిండు! మా ఇంట్ల దెలిస్తే నవ్వుతరు." మళ్లీ తమ్ముడివైపు వంగాడు. "మీ దాంట్ల ఇంట్ల ఎవరన్న పోతే మాల తీస్తరంట గద? ఎవరో పెద్దామె పోయిందని చెప్పు, అయిపాయె."

"మా ఇంట్లో మిగిలిన పెద్దామెను నేనే," అన్నాను. "నన్ను సంపి ఉద్యోగం తెచ్చుకుంటారా?"

"తోబా తోబా! నువ్వు పోతే సాంబార్ ఎవరు బెడ్తరు?"

తమ్ముడు నవ్వాడు గాని గడ్డం తీస్తానని అనలేదు. నాకు ఒళ్లు మండింది. మాలలో ఉన్నవాణ్ని అక్క అయినా మీరు అనాలి, స్వామి అనాలి. తిట్టాలన్నా మర్యాదగానే తిట్టాలి.

"స్వామీ, మీకు తిక్క పట్టింది. కండ్లు సూస్తే అట్లుండాయి. రేపు గడ్డం తీయకపోతే ఊరికి పోయి ఏం జేస్తారు, గొర్రెలు కాస్తారా?"

"తిట్టేదేదో నేను తిన్నంక తిట్టు మాతా," అని మజ్జిగ కోసం చెయ్యి చాపాడు.

మర్నాడు ఉదయం వెళ్లాడు. పరీక్ష పెట్టింది కంపెనీలో కొత్తగా చేరిన ఒమానీ అమ్మాయి. ఎలక్ట్రీషియన్ పాసై వచ్చి చెప్పాడు నాకు. తమ్ముడికి ఆ పిల్ల మాస్కు తొడగను కూడా తొడగలేదట. "చాచా, ఇప్పుడు నేను మెషీన్ పెడితే ఫెయిల్ అని రాయాలి. రాయను. నాలుగింటి దాకా ఉంటా, షేవ్ చేసుకుని రా," అని హిందీలో చెప్పి పంపిందట. అంతకన్నా ఎవరూ చెయ్యలేరు.

తమ్ముడు మెస్‌కి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎలక్ట్రీషియన్ రూమ్‌కి వెళ్లి తన రేజరు, సబ్బు తెచ్చి వాడి ముందు పెట్టాడు. నేను గిన్నెలో వేణ్ణీళ్లు పెట్టాను. నీళ్లు చల్లారాయి. ఇంకోసారి కాచి పెట్టాను. అవీ చల్లారాయి. మూడున్నరకు వాడు లేచాడు. గేటువైపు వెళ్తాడనుకున్నాను. కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాడు. క్యాంపులో గట్టిగా శరణు చెప్పకూడదని మెల్లగా చెప్పుకునేవాడు, ఆరోజూ అంతే. నేను రాత్రికి పప్పు కడగడానికి లేచాను.

ఆ ఉద్యోగం ఎవరో నెల్లూరు కుర్రాడికి వచ్చింది. తమ్ముడు శబరిమల వెళ్లి, మొక్క నాటి, నున్నగా గీయించుకుని తిరిగివచ్చాడు. ఆపరేటరు ఖాళీలు లేవు. లైన్ వెంట బండిలో తిరిగి చూసే పని ఇచ్చారు. ఏడాదికోసారి కాంట్రాక్టు కాగితం మారుస్తారు, మార్చకపోతే ఇంటికే. నేను ఉద్యోగం వైపు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. వాడు నన్ను ఒప్పించాలని చూడలేదు, నేనూ ఒప్పుకోలేదు.

ఆ ఏడాది ఈద్ సెలవులో మెస్ మూస్తే నన్ను బండిలో ఎక్కించుకుని లైన్ చూపించాడు. ఇసుక, రాళ్లు, అక్కడక్కడ పసుపు గుర్తు కర్రలు. కింద చమురు పోతోందని వాడు చెబితే నమ్మాలి. ప్రతి కర్ర దగ్గరా దిగి, చుట్టూ ఎవరైనా తవ్వారేమో చూసి, రేడియోలో చెప్పి మళ్లీ ఎక్కేవాడు. పంపు స్టేషన్ దగ్గర కంచె బయటే బండి ఆపాడు. లోపల ఎలక్ట్రీషియన్ డ్యూటీలో ఉన్నాడు, మాస్కు నడుముకు వేలాడుతోంది. మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు.

"లోపలికి పోదామా?" అన్నాను.

"నాకు పాస్ లేదక్కా," అన్నాడు తమ్ముడు. కంచె పొడుగునా ఒకసారి నడిచి, తాళాలు లాగి చూసి వచ్చాడు. తర్వాతి కర్ర ఎడమవైపున ఉంది. బండి అటు తిప్పాడు.